రెండొందల మూడు

ఆరో ఆఫీసు మాది.
ముందు అయిదింటిలోనూ టీ ఇచ్చి పంపేశారట.
"టీ మాత్రం అందరిదీ బాగుంది" అందావిడ,
గొడుగు నీళ్ళు మా గుమ్మం బయటే దులిపి.

కువబారా మత్సుయే. డెబ్బై మూడు.
నలభై ఏళ్ళు చొక్కాలకి కాజాలు కుట్టిన చేతులు,
బొటనవేలి మీద సూది నడిచిన దారులింకా ఉన్నాయి.
టోక్యోలో అద్దెకున్న ఇల్లు కూల్చేస్తున్నారు.
సద్దులేని చోటు కావాలి,
రైలెక్కితే గంటలోపు ఇకెబుకురోలో దిగాలి.
అక్కడ పళ్ళ డాక్టరున్నాడు,
ఈ వయసులో ఇంకొకరికి నోరు తెరవలేదట.

ఫోన్లు చేశాను.
"ఒంటరా?" అంటారు ముందు.
కాస్త ఆగి, "వయసెంత?"
ఆ తర్వాత అవతల ఎవరో చెప్పులు సర్దుతున్నట్టు చప్పుడు.
"మనిషి మంచిదే అయ్యుండొచ్చు, రేపేమైనా అయితే..."
రేపు అన్న మాటని
ఎంత మర్యాదగా పలుకుతారో ఈ ఇళ్ళవాళ్ళు!
ఆవిడ ఎదురుగానే కూచుని
గోడ మీది గదుల నక్షాలు చదువుతోంది,
వంటల పుస్తకం చదివినట్టు, ఉప్పు దగ్గర ఆగి ఆగి.

చివరికి అన్నాను, ఒకటుంది.
ఇరుమాలో, తేయాకు తోటల పక్కన, రెండొందల మూడు.
అద్దె ఎనిమిది వేల యెన్లు తక్కువ.
"ఎందుకు తక్కువ?"
కాగితం వైపు చూస్తూ చెప్పాను,
ముందున్నాయన అందులోనే పోయారు.
"ఎన్నాళ్ళకి తెలిసింది?"
పదకొండు రోజులకి.
"ఏ నెల?"
నిరుడు ఫిబ్రవరి.
"చలికాలం, నయం" అంది. "పేరు?"

ఇన్నాళ్ళలో పేరెవరూ అడగలేదు.
ఫైలు వెతకాల్సి వచ్చింది.
ఉగజిన్ గారు. గడియారాలు బాగుచేసేవారు.
"అయితే గోడకి మేకు ఉండే ఉంటుంది."

ఉంది.
కొత్త వాల్‌పేపరు కింద చిన్న బొడిపె.
చీకట్లో స్విచ్చు వెతికినట్టు
అరచేత్తో తడిమి పట్టుకుంది.
కిటికీ బయట తేయాకు వరసలు, ఇప్పుడే దువ్విన తలల్లా.
మధ్యమధ్య స్తంభాల మీద పంకాలు.
"పొలానికి ఉక్కపోతా?"
కాదండీ, మంచు పడే తెల్లవారుజామున తిరుగుతాయి,
చిగురు మాడిపోకుండా.
"చప్పుడు చేస్తాయా?"
చేస్తాయి.
"మంచిదే. మరీ సద్దులేకపోతే నాకూ భయమే."

ముద్ర చేతిలో పట్టుకుని ఆగింది.
"అమ్మాయ్" అంది, నాకు నలభై ఆరు,
"నువ్వు రోజూ సైకిలు మీద ఇటే పోతానన్నావు.
ఏడింటికల్లా నా షట్టరు లేచి ఉంటుంది.
లేవకపోతే తలుపు తట్టు.
పదకొండు రోజులు ఆగకు."

ఒప్పందం కాగితంలో దానికి గడి లేదు.
డిపాజిట్టుకి ఉంది, చెత్త వేసే రోజులకి ఉంది,
పిల్లిని పెంచకూడదనడానికి రెండు గడులున్నాయి.

మార్చి అంతా షట్టరు లేచింది.
ఏప్రిల్లో ఒకరోజు సగమే లేచింది,
బ్రేకు వేశాను,
లోపల్నుంచి తువ్వాలు దులుపుతూ ఒక చెయ్యి.
పెడలు తొక్కుకుంటూ వచ్చేశాను.

మేలో నాకు జ్వరం.
ఆఫీసు పైగదిలో నేను, మెట్ల కింద సైకిలు.
సాయంత్రం అయిదింటికి వీధి మైకులు
పిల్లల్ని ఇళ్ళకి పొమ్మని పాట వాయిస్తాయే,
అది వింటూ లేవబోయాను కూడా,
ఎవరో నన్నే పిలిచినట్టు.

రెండోరోజు తలుపు చప్పుడు.
గంట ఉన్నా నొక్కలేదు, పిడికిలితో.
ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో గుడ్డ కట్టిన గిన్నె.
"నిన్న సైకిలు రాలేదు" అంది.
"నిన్నంతా ఓపిక పట్టాను."

గది చుట్టూ ఒకసారి చూసింది.
గోడల మీద మేకు ఒక్కటీ లేదు,
చూసే ఉంటుంది.

గంజిలో ఉప్పెక్కువైంది.
ఆ మాటే అన్నాను.
"తెలుసు, తిను" అంది.